పొరుగు సంఘములు కలిసి ఆలోచించుట

చదువవలసిన వాక్యభాగములు: కొలొస్సయులకు 4:12–17, నెహెమ్యా 3వ, 4వ అధ్యాయములు, 2 కొరింథీయులకు 8:13–21.



మన పల్లెలలో ఒకే రాత్రి ఒకే రోడ్డుమీద రెండు పందిళ్లు లేచుట మనము చూచియున్నాము. రెండు మైళ్ల దూరములో రెండు ఊళ్లు, రెంటను కూటములు, రెంటను దూరమునుండి పిలువబడిన ప్రసంగీకులు. ఈ ఊరి మైకు ఆ ఊరికి వినబడును, ఆ ఊరి మైకు ఈ ఊరికి వినబడును. ఇక్కడ సగము పందిరి ఖాళీ, అక్కడ సగము పందిరి ఖాళీ. మరునాటి ఉదయమున రెండు సంఘముల పెద్దలును అప్పు లెక్క చూచుకొందురు. ఆ సంవత్సరమే ఆ రెంటికి నడుమనున్న చిన్న పల్లెలో ఒక వృద్ధురాలు మంచముపైనుండి ప్రభువు బల్లకొరకు నెలలతరబడి కనిపెట్టుచుండును. అయ్యగారు వేరొక ఊరిలో ఉండిరి. ఆమె సంగతి చెప్పుటకు ఎవరి బాధ్యతయు కాకపోయెను.

ఇది ధనలోపము కాదు, భక్తిలోపమును కాదు. రెండు పందిళ్లు వేయగలిగినవారికి ధనమున్నది. రాత్రంతయు పాడినవారికి భక్తియున్నది. లేనిదేమనగా, పొరుగు సంఘముతో ఒక చాపమీద కూర్చుండి, "ఈ సంవత్సరము మనమేమి చేయుదము?" అని అడుగుకొను అలవాటు. ఆ అలవాటునుగూర్చియే ఈ నెల పాఠము.

1. మూడు ఊళ్లు, ఒక సేవకుడు

అపొస్తలుడైన పౌలు బంధకములలోనుండి కొలొస్సయిలోని సంఘమునకు వ్రాసెను. ఆ పత్రిక చివర నున్న వందనములను మనము త్వరత్వరగా చదివి విడిచిపెట్టుదుము. అయితే అక్కడ మన పల్లెల సంగతివంటిదే యొకటి కనబడుచున్నది. కొలొస్సయి, లవొదికయ, హియెరాపొలి అను మూడు ఊళ్లు ఒకే నదీలోయలో, నేటి తుర్కీ దేశపు పడమటి భాగమున, ఒకదానికొకటి దినపు నడకలోపలనే యుండెను. ఎపఫ్రా కొలొస్సయివాడే. అయినను అతడు తన ఊరికొరకు మాత్రమే కాక ఈ మూడు ఊళ్లలోనివారి కొరకును మిక్కిలి ప్రయాసపడుచున్నాడని పౌలు సాక్ష్యమిచ్చుచున్నాడు (4:12, 13). ఒక సేవకుని ప్రయాసము మూడు సంఘములకు చెందినది; అతని ప్రార్థనలోనికి మూడు ఊళ్లును వచ్చినవి.

తరువాత పౌలు ఒక చిన్న ఆజ్ఞ నిచ్చుచున్నాడు (4:16). ఈ పత్రిక మీయొద్ద చదువబడిన పిమ్మట దానిని లవొదికయవారి సంఘములోను చదివింపవలెను. వారియొద్దనుండి వచ్చుదానిని మీరును చదువవలెను. పౌలు రెండు సంఘములను ఒకటిగా కలిపివేయలేదు. లవొదికయవారు కొలొస్సయికి వచ్చి ఆరాధింపవలెనని చెప్పలేదు. నుంఫా ఇంటనున్న సంఘము ఆ ఇంటనే యుండనిచ్చెను (4:15). అర్ఖిప్పు తనకు అప్పగింపబడిన పరిచర్యను తానే నెరవేర్చవలెనని జ్ఞాపకము చేసెను (4:17). అయినను ఒకరికి వచ్చిన వెలుగు ఇంకొకరికి చేరవలెను. ఒకరి సంగతి ఇంకొకరు వినవలెను.

ఆ లవొదికయ తరువాత ఏమాయెను? ప్రకటన గ్రంథము 3వ అధ్యాయములో ప్రభువు ఆ సంఘముతో మాటలాడునప్పుడు, అది తాను ధనవంతురాలననియు తనకు ఏమియు కొదువలేదనియు చెప్పుకొనుచుండెను. ఈ మాట ఆ పట్టణపు స్వభావములోనే యుండెను. క్రీ.శ. 60వ సంవత్సర ప్రాంతమున భూకంపమువలన పాడైన ఆ పట్టణము రోమా ప్రభుత్వ సహాయము లేకుండ తన సొంత ధనముతోనే తిరిగి లేచెనని రోమా చరిత్రకారుడైన టాసిటస్ వ్రాసెను. పట్టణమునకు అది గౌరవమే కావచ్చును. సంఘమునకు మాత్రము అది మరణకరమైన రోగమాయెను. పొరుగువారితో పత్రికను పంచుకొనవలసిన సంఘము, "మాకెవరి అవసరమును లేదు" అను స్థితికి వచ్చినప్పుడు, ప్రభువు తలుపు బయట నిలిచి తట్టవలసివచ్చెను.

2. తన ఇంటికెదురుగా, అయినను ఒకే గోడ

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించిన విధము చూడుడి. మూడవ అధ్యాయము పేర్ల పట్టికగా కనబడును గాని, అందొక ఏర్పాటు కలదు. అనేకులు ఎవరి ఇంటికెదురుగా వారు బాగుచేసిరి (3:10, 23, 28). కంసాలివారును పరిమళద్రవ్యములు చేయువారును గోడ బాగుచేసిరి (3:8). షల్లూము తన కుమార్తెలతో కూడ పనిచేసెను (3:12). తెకోవవారి ఘనులు మెడవంచలేదు. అయినను తెకోవ జనులు తమ పాలు ముగించి మరియొక భాగమును కూడ కట్టిరి (3:5, 27). పెద్దలు రాని ఊరినుండియే ఎక్కువ పని వచ్చెను. ఇది మన పల్లెలలోను జరుగును.

ఎవరి ఇంటియెదుట వారు కట్టుట మంచిది. మన గుడి, మన గంట, మన తలిదండ్రుల సమాధులు మనకు ప్రియమైనవి. అయితే ప్రతివాడు తనకు తోచిన యెత్తున, తనకు తోచిన వరుసలో కట్టియుండినయెడల అది గోడ కాకపోవును, రాళ్లకుప్పలగును. నాలుగవ అధ్యాయములో నెహెమ్యా పనివారితో, పని మిక్కిలి పెద్దది, మనము గోడమీద ఒకరికొకరు దూరముగా నున్నాము గనుక బూరశబ్దము వినబడిన చోటికి కూడిరండని చెప్పెను (4:19, 20). దూరముగా నుండుట తప్పని అతడనలేదు. దూరముగా నున్నవారికి ముందుగా ఒప్పుకొనిన ఒక బూర కావలెననెను. మన సంఘములకు ఆ బూర యేది?

3. ఇంగ్లండు పల్లెలలో జరిగిన పని

పొరుగు సంఘములు కలిసి ఆలోచించుటనుగూర్చి ఇంగ్లండు దేశపు ఆంగ్లికను సంఘము కష్టపడి కొన్ని పాఠములు నేర్చుకొనెను. మనకు సువార్త తెచ్చినవారిలో కొందరు ఆ పల్లెగుళ్లనుండి వచ్చినవారే గనుక, ఆ సంగతి మనము తెలిసికొనదగినది.

ఆ దేశమంతయు పూర్వమునుండి పారిష్‌లుగా విభాగింపబడియున్నది. పారిష్ అనగా ఒక గుడియు, దాని చుట్టునున్న ఊరును, పొలములును. ఒక్కొక్క పారిష్‌కు ఒక్కొక్క గురువు ఉండవలెనన్నది పూర్వపు తలంపు. ఆయన పోషణకు మాన్యపు భూమి యుండెడిది. ఒక పారిష్‌కు మాన్యము విస్తారము, పొరుగు పారిష్‌కు స్వల్పము. గనుక ఒక గురువు సుఖముగాను, పొరుగున నున్నవాడు ఇబ్బందిగాను జీవించెడివాడు. ఒక గురువు పారిష్‌లో మరియొక గురువు ఆయన సెలవు లేక ఆరాధన జరుపకూడదు. ఈ కట్టడి మొదట మందను కాపాడుటకే ఏర్పడెను. కాలము గడచినకొలది అది కొన్ని చోట్ల పొరుగువారి నడుమ కంచె ఆయెను.

పిమ్మట కాలము మారెను. పొలములలో యంత్రములు వచ్చి కూలిపని తగ్గెను. యౌవనులు పట్టణములకు పోయిరి. రెండు మహాయుద్ధముల తరువాత గురువులు తక్కువైరి. గుళ్లు మాత్రము ఉన్నచోటనే యుండెను. కొద్దిమంది విశ్వాసులును, పెద్ద రాతి గుడియును, కారుచున్న పైకప్పును మిగిలిన ఊళ్లు అనేకము.

లింకన్‌షైర్ అను తూర్పు జిల్లాలోని కొండపల్లెలలో, సౌత్ ఆర్మ్స్‌బీ అను ఊరి చుట్టు, 1949లో ఏ. సి. స్మిత్ అను గురువు ఒక క్రొత్త పని ప్రారంభించెను. పదికి పైగా చిన్న పారిష్‌లను ఒక గుంపుగా చేర్చి, ఒక్కొక్క గురువు ఒంటరిగా ప్రయాసపడుటకు బదులు, సేవకులు ఒక జట్టుగా ఆ ఊళ్లన్నిటిని చూచుకొను ఏర్పాటు జరిగెను. ఊరిగుళ్లు ఊరిగుళ్లుగానే నిలిచినవి. సేవకుల ఆలోచనయు ప్రయాసమును ఉమ్మడివాయెను. 1960లో స్మిత్ గారు ఆ పనినిగూర్చి పుస్తకము వ్రాసినప్పుడు దానికి ప్రయోగమను పేరు పెట్టెను. ఈ మాట మనము గమనింపవలెను. అన్నియు తెలిసినవారివలె ఆయన ప్రారంభింపలేదు. చేసి చూచి నేర్చుకొనవలెనని ప్రారంభించెను.

అటువంటి ఏర్పాటులకు 1968లో పాస్టొరల్ మెజర్ అను సంఘశాసనము స్థిరమైన రూపమిచ్చెను. 1983లోను 2011లోను ఆ శాసనము తిరిగి కూర్చబడెను. అందు రెండు విధములు కలవు. ఒకటి, అనేక గుళ్లకు ఒకే గురుజట్టు. రెండవది, ఎవరి పారిష్ వారికుండగానే పొరుగు గురువులు ఒక గుంపుగా ఏర్పడుట. ఈ రెండవ విధములో గురువులకు మూడు సంగతులు నియమింపబడెను: ఒకరి పారిష్‌లో ఒకరు సేవచేయు అధికారము, ఆ ప్రాంతమంతటి ఆత్మల క్షేమముకొరకు ఒకరికొకరు సహాయపడు బాధ్యత, ఉమ్మడి సంగతులలో ఏకమనస్సునకు వచ్చుటకై కూడి మాటలాడుట. అధికారము, బాధ్యత, కూడిక. ఈ మూటిలో ఏదొకటి తప్పినను తక్కినవి నిలువవు. కూడిక లేని అధికారము చొరబాటగును. బాధ్యత లేని కూడిక కాలక్షేపమగును.

మాన్యముల సంగతి కూడ చక్కబడెను. 1976లో చేసిన శాసనము చొప్పున 1978లో గురువుల మాన్యపు భూములు ఆ యా డయోసీసుల వశమాయెను. ఒక ఊరి గురువు మరియొక ఊరి గురువుకంటె మాన్యమువలన ధనికుడగుట ఆగిపోయెను. హెచ్చుగా కూర్చుకొనినవానికి మిగులలేదు, తక్కువగా కూర్చుకొనినవానికి తక్కువకాలేదు అను మన్నా సంగతిని పౌలు కొరింథీయులకు జ్ఞాపకము చేసిన భావము (2 కొరింథీ 8:15) ఇట్లు శాసనములోనికి వచ్చెను.

అయితే సత్యమంతయు చెప్పవలెను. కొన్ని చోట్ల పారిష్‌ల చేరిక ఉమ్మడి ఆలోచనవలన కాక గురువుల కొరతవలన మాత్రమే జరిగెను. అట్టిచోట గురువు ఆదివారము ఒక గుడినుండి మరియొక గుడికి పరుగెత్తువాడాయెను. చిన్న ఊరివారు తమ్మును ఎవరును అడుగలేదని నొచ్చుకొనిరి. పైనుండి గీత గీసినంతమాత్రమున పొరుగుతనము పుట్టదు.

4. మన తెలుగు సంఘముల సంగతి

ఇంగ్లండులో ఆలస్యముగా వచ్చిన స్థితి మనకు మొదటినుండియు ఉన్నదే. ఒక అయ్యగారికి అనేక పల్లెలు. పల్లెకొక ఉపదేశి, లేక ఉపదేశియు లేకుండుట. ఇదే మన పాస్టరేటు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పైన వి. ఎస్. అజరయ్య గారు దోర్నకల్ డయోసీసులో పల్లెపల్లెకు తిరిగి పరిచర్య చేసిరి. సంఘముల ఐక్యతకొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమాలోచనలో ఆయన ఉండిరి. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఆశించిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రలులో, దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. అనగా ఇరువది ఎనిమిది సంవత్సరములు కూర్చుండి మాటలాడిరి.

అంత దూరపు సంఘములు అన్ని సంవత్సరములు మాటలాడి ఒకటైనప్పుడు, ఒకే చెరువు నీళ్లు త్రాగు రెండు ఊళ్ల సంఘములు ఒక సాయంకాలము కూర్చుండలేకపోవుటకు కారణమేమి? కారణములు మనకు తెలియును. "వారితో చేరినయెడల మన పేరు పోవును" అని చిన్న ఊరి భయము. "ఖర్చు మనది, పేరు వారిది" అని పెద్ద ఊరి సణుగుడు. పది సంవత్సరముల క్రిందటి పెండ్లి తగాదా. అన్నిటికంటె లోతైనది ఇంకొకటి కలదు. చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నను చెప్పవలెను. ఆ పేటవారు వేరు, ఈ పేటవారు వేరు అను కులభేదము. బాప్తిస్మపు నీటిలో పాతిపెట్టితిమని చెప్పుకొనిన దానిని, కమిటీ ఎన్నికలలోను కూటముల పందిళ్లలోను మనము తిరిగి త్రవ్వి తీయుచున్నాము. ఒక బల్లయొద్ద మోకరించినవారు ఒక చాపమీద కూర్చుండలేనియెడల, ఆ బల్లను మనమెట్లు అర్థము చేసికొంటిమి? కొరింథులో ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు ముందుగా తిన్నాడని పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో 1 కొరింథీ 11వ అధ్యాయములో చదువుకొందము.

5. కలిసి ఆలోచించు విధము

పెద్ద ఏర్పాటులు అక్కరలేదు. రెండు, మూడు పొరుగు సంఘములు ప్రారంభింపవచ్చును.

మొదట, కూడుకొనుట. సంఘసంవత్సరము ఆగమన కాలముతో ప్రారంభమగును గనుక దానికి ముందు ఒక దినము ఏర్పరచుకొందము. ప్రతి సంఘమునుండి పెద్దలేకాక, స్త్రీల మైత్రినుండి ఒకరు, యౌవనులలో ఒకరు, సండే స్కూలు చెప్పువారిలో ఒకరు రావలెను. కూడిక చిన్న ఊరిలో జరుగవలెను. చిన్న ఊరివారు మొదట మాటలాడవలెను.

రెండవది, ఉన్నదియు లేనిదియు వ్రాయుట. ఏ ఊరిలో పిల్లలు ఎందరు, వారికి చెప్పువారున్నారా? మంచముపట్టిన వారెవరు, వారికి ప్రభువు బల్ల చివరిగా ఎప్పుడు ఇయ్యబడెను? నిర్ధారణకు సిద్ధపడవలసిన వారెందరు? ఒక ఊరిలో పాట నేర్పువాడున్నాడు, మరియొక ఊరిలో లెక్క వ్రాయువాడున్నాడు. ఈ పట్టిక వ్రాసినప్పుడు మన దరిద్రతయు మన ఐశ్వర్యమును ఒక్కసారే కనబడును.

మూడవది, పనులను మూడు వరుసలుగా విడదీయుట. ఎవరి ఊరిలో వారు చేయవలసినవి: ఆదివారపు ఆరాధన, సాయంకాల ప్రార్థన, రోగులను చూచుట. అందరు కలిసి చేయవలసినవి: నిర్ధారణ తరగతి, సెలవులలో పిల్లల బైబిలు బడి, యౌవనుల కూడిక, సంవత్సరమునకు ఒక సువార్త కూటము. ఒకరు అందరి పక్షముగా చేయవలసినవి: సండే స్కూలు చెప్పువారికి తరిఫీదు, ఆసుపత్రిలోని వారిని దర్శించుట వంటివి. మొదటి వరుసను ఎవరును ముట్టకూడదు. రెండవ, మూడవ వరుసలను ఎవరును ఒంటరిగా పట్టుకొనకూడదు.

నాలుగవది, దినముల పట్టిక. నాట్లు, కోతలు, పిల్లల పరీక్షలు చూచుకొని దినములు పెట్టవలెను. కోతపండుగ అన్ని ఊళ్లలోను ఒకే ఆదివారము కాక వేరువేరు ఆదివారములలో జరిగినయెడల, ఒక ఊరి పండుగకు పొరుగు ఊరివారు రావచ్చును, అయ్యగారును అన్నిటను ఉండవచ్చును. ఇందుకొరకు ఎవరైనను తమకు అలవాటైన ఆదివారమును విడిచిపెట్టవలసివచ్చును. ఎప్పుడును చిన్న ఊరివారే విడువకుండ చూచుకొందము.

అయిదవది, ఉమ్మడి ధనము. యెరూషలేము పరిశుద్ధుల చందాను పౌలు ఒంటరిగా మోసికొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను తోడు తీసికొనెను, ఎవరును నిందమోపకుండునట్లు జాగ్రత్తపడెను (2 కొరింథీ 8:19–21). గనుక రెండు ఊళ్ల మనుష్యులు కలిసి ధనముంచవలెను. లెక్క ప్రతి గుడిలోను బిగ్గరగా చదువవలెను.

ఆరవది, కొలొస్సయి వారివలె వార్త పంపుకొనుట. నెలకొక చిన్న కాగితము చాలును. ఈ ఊరిలో పుట్టినవారు, నిద్రించినవారు, రోగులు, శోధనలోనున్నవారు. దానిని పొరుగు గుడిలో చదివి వారి పేర్లతో ప్రార్థింపవలెను. పొరుగు ఊరి రోగి పేరు నెలకొకసారి మన గుడిలో వినబడినయెడల, ఆ ఊరితోనున్న పాత తగాదా ఎక్కువ కాలము నిలువలేదు.

ముగింపు

మొదట చెప్పిన వృద్ధురాలిని మరువవద్దు. ఆమెకు కావలసినది పెద్ద పందిరి కాదు. పొరుగు ఊరి ఉపదేశి సైకిలు ఆపి, "అమ్మా, మీ సంగతి మా పట్టికలో ఉన్నది, వచ్చే బుధవారము అయ్యగారిని తీసికొనివత్తును" అని చెప్పుటయే ఆమెకు కావలసినది. మన ఉమ్మడి ఆలోచన ఆమె మంచమువరకు చేరినదా లేదా అనునదే దానికి పరీక్ష. ఎపఫ్రా మూడు ఊళ్లకొరకు ప్రార్థనలో పోరాడెను. మనము కనీసము మన పొరుగు ఊరి పేరు ఎత్తి ఈ ఆదివారమే ప్రార్థింప ప్రారంభింతము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మనకు మిక్కిలి దగ్గరనున్న సంఘములో ఈ నెల రోగముతో నున్నవారి పేర్లు మనకు తెలియునా?

2. మనము ఒంటరిగా చేయుచు అలసిపోవుచున్న పని యేది? అది పొరుగువారితో కలిసి చేయదగినదా?

3. పొరుగు సంఘముతో కూర్చుండుటకు మనకు అడ్డుగా నున్నది భయమా, గర్వమా, పాత తగాదాయా, కులభేదమా? దానిని ప్రభువు ఎదుట ఒప్పుకొందమా?

4. పొరుగువారి నిమిత్తము ఈ సంవత్సరము మనము విడిచిపెట్టగల అలవాటు ఏది?

ప్రార్థన

ప్రభువైన యేసూ, అనేక మందలుగా నున్నను మేము నీకు ఒకే మంద. మా గుడిని ప్రేమించుటకు నేర్పితివి. మా పొరుగువారి గుడిని కూడ ప్రేమించుటకు నేర్పుము. మాకేమియు కొదువలేదని చెప్పుకొను గర్వమునుండి మమ్మును తప్పించుము. మాలో బలహీనుల మాట మొదట వినునట్లు మా చెవులను తెరువుము. మా ఊళ్లలో నిన్ను ఎదురుచూచు వారెవరును మరువబడకుండునట్లు మా ఆలోచనలను ఒకటిగా చేయుము. ఆమెన్.